చెంచాడు పులుపు

వంటగదికి తాళం పడింది.

ఆ ఇంట్లో వీధి తలుపుకే సరైన తాళం లేదు. ఉన్న ఒక్కదాన్నీ కోడలు కుట్టుమిషను సొరుగులోంచి తీసి, వంటగది గడియకు వేసి, తాళంచెవిని మెడలో వేలాడే కొలత టేపుకు ముడేసుకుంది.

తెల్లారి లేచి, చేతులు కడుక్కుని వచ్చిన అత్తగారు ఆ తాళం ముందు నిలబడిపోయింది. లోపల రాత్రి నానబెట్టిన బార్లీ ఉంది. ఎండెక్కేలోగా పొయ్యి మీద పెట్టకపోతే పులిసిపోతుంది. ఆవిడకు ముందు తట్టింది అదే. అవమానం ఆ తర్వాత తట్టింది.

వీధంతా ఆవిడను గింజలమ్మ అంటుంది. పొట్టు తీయని గింజలతో తప్ప వండదు. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం కనిపిస్తే "గుండు గీయించుకున్న గింజ" అని మూతి తిప్పుతుంది. బార్లీ, గోధుమరవ్వ, చిక్కుడు గింజలు, క్యారెట్టు, ఆకుకూర వేసి, సన్నటి మంట మీద ఆవిడ ఉడికించే చిక్కటి గంజి కోసం పక్కవీధి అచ్చాఫీసు వాళ్ళు మధ్యాహ్నం గిన్నెలు పట్టుకుని వస్తారు. మంచం పట్టినవాళ్ళను లేపి నడిపించే గంజి అని దానికి పేరు. ఆవిడ మనవరాలు ఒక్కతే ఆ గంజి తింటూ తింటూ మంచం పట్టింది.

"ఈ తాళమేంటమ్మాయ్?"

"తాళమే అత్తయ్యా. కనిపిస్తోందిగా."

"నా వంటగదికి తాళమా?"

"నిన్న డాక్టరు గారు చెప్పింది మీరూ విన్నారు."

విన్నది. విన్నప్పటి నుంచీ ఆవిడకు నిద్ర లేదు.

మనవరాలు పిచ్చుకకు గోధుమా, బార్లీ పడవని ఆ పేగుల డాక్టరు చెప్పి చాలా నెలలైంది. గుప్పెడు తిండి ముందు పెట్టుకుని గంటసేపు కెలుకుతుందని పిల్లకు వాళ్ళ తాతే ఆ పేరు పెట్టి పోయాడు. పడకపోవడమంటే దద్దుర్లు రావడం కాదట. పేగు లోపలి పొర అరిగిపోతుందట, ఇక తిన్నదేదీ ఒంటికి పట్టదట. కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాడు. ఆ రోజు నుంచి పిల్లకు కుండ వేరు, గరిటె వేరు, గింజ వేరు. జొన్నలూ సజ్జలూ తప్ప ఇంకోటి ముట్టించలేదు. అయినా పిల్ల ఎముకల గూడులాగే ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లకు అయిదేళ్ళప్పటి గౌను వదులవుతోంది.

నిన్న రక్తం పరీక్ష చూసి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. గోధుమ ఎక్కడి నుంచో పిల్ల ఒంట్లోకి ఇంకా వెళుతూనే ఉందన్నాడు. వచ్చేసారికి తూకం పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని, ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపిస్తామన్నాడు.

అప్పటి నుంచి ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

"నేను పెడుతున్నాననా నీ అనుమానం?" గింజలమ్మ గొంతు పెరిగింది. "దానికి నా చేత్తో గోధుమ ముట్టించి ఉంటే నా చెయ్యి పడిపోనీ!"

"ఒట్లు పెట్టుకుంటే పిల్ల బరువు పెరగదత్తయ్యా."

"మరి నీ కుట్టు షాపు సంగతేంటి? బడి అయ్యాక పిల్ల అక్కడే కదా కూర్చుంటుంది? అక్కడ పదిమంది ఆడవాళ్ళు, పదిరకాల చిరుతిళ్ళు."

కోడలు గుమ్మం దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న మొగుడి వైపు చూసింది. అతను బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత రద్దీలోనైనా చెయ్యి తొట్రుపడదు. ఇంట్లో ఇద్దరాడవాళ్ళు గొంతు పెంచితే మాత్రం బూటు తాడుకు ముడి కూడా పడదు.

"ఏమండీ, మీరు చెప్పండి. నేనే బిస్కెట్లు పెట్టానని రాత్రి నన్నన్నారు కదా. మీ అమ్మగారి ముందు అనండి."

"పెట్టావనలేదు. చూసుకోలేదన్నాను."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు."

"నాకు ఒకటే! కన్నదాన్ని, నా పిల్లని నేనే చంపుకుంటున్నాననే కదా దానర్థం!"

"నెమ్మదిగా మాట్లాడు. లోపల వింటుంది."

ఆ మాటతో ముగ్గురూ తెర కట్టిన గది వైపు చూశారు. లోపల చప్పుడు లేదు. నిద్రపోతోందో, నిద్ర నటిస్తోందో ఆ తెరకే తెలియాలి.

డ్రైవరు లేచాడు. "మా అమ్మ పెట్టదు. ఆ ఒక్కటీ నాకు తెలుసు. మిగతాది మీరిద్దరూ తేల్చుకోండి." ఒక బూటు తాడు ఊడిపోయే ఉంది, అలాగే వెళ్ళిపోయాడు.

గింజలమ్మకు కొడుకు మాట చల్లగా తగిలింది. కోడలి ముఖం చూశాక ఆ చల్లదనం కాస్తా పోయింది. ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. టేపుకు కట్టిన తాళంచెవిని పిడికిట్లో బిగించి, గోడకు వీపు ఆనించి, అలాగే నిలబడింది. మొగుడు నమ్మని మనిషి నిలబడే తీరు అది. గింజలమ్మకు తెలుసు. తన కాలంలో తానూ అలా నిలబడింది.

లోపల బార్లీ నానుతూనే ఉంది.

"రండి," అంది కోడలు చివరికి. తాళం తీసింది. "నేను కడుగుతాను. మీరు గుమ్మంలో పీట వేసుకుని కూర్చోండి. ఏదీ ముట్టుకోవద్దు."

"కూర్చుని ఏం చెయ్యను?"

"చెప్పండి. నిన్న పిచ్చుకకి గంజి ఎలా చేశారో మొత్తం చెప్పండి. కుండ దించిన దగ్గర్నుంచి."

"ఆ డాక్టరు ఎన్నిసార్లు అడిగాడో అన్నిసార్లూ చెప్పాను."

"నాకు చెప్పండి. రవికె భుజం దగ్గర పట్టేస్తే మేం భుజం ఒక్కటే చూడం అత్తయ్యా. మొదటి కుట్టు నుంచి విప్పుకుంటూ వస్తాం. తప్పు ఒక్కోసారి ఎక్కడో నడుం దగ్గర ఉంటుంది."

ఆ మాటలో ఎకసెక్కం లేదు. అందుకే గింజలమ్మ కూర్చుంది.

తన వంటగదికి తానే చుట్టంలా గుమ్మంలో కూర్చుని చూసింది. పొయ్యి పక్కన గింజల డబ్బాలు. గోధుమలూ బార్లీ కింద, పిల్ల గింజలు పైన, మూతకు ఎర్ర గుడ్డ కట్టి. ఎడమవైపు గోడ అరలో ఉప్పు, నూనె, ఇంకా ఇవీ అవీ. కోడలు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, పీచు అందుకుంది.

"చెప్పండి."

"ఏముంది? పైనున్న డబ్బాలోంచి జొన్నలు తీశాను. రాళ్ళు ఏరాను. మూడు నీళ్ళు కడిగాను. రాత్రంతా నానాయి."

"ఏ గిన్నెలో?"

"దాని గిన్నెలోనే. ఎర్ర దారం కట్టింది."

"తర్వాత?"

"పొద్దున నీళ్ళు వంపేసి, దాని కుండలో వేసి, మంచినీళ్ళు పోశాను. మూత కాస్త ఓరగా పెట్టాలి, లేకపోతే పొంగుతుంది. గింజ మెత్తబడేదాకా ఉప్పు వెయ్యకూడదు, వేస్తే బిరుసెక్కుతుంది."

వంట గురించి చెప్పడం మొదలుపెడితే ఆవిడకు ఒళ్ళు మరుపే. గొంతులో కోపం పోయింది, చేతుల్లోకి కదలిక వచ్చింది. లేని కుండను పొయ్యి మీద సర్దింది. లేని మూతను ఓరగా జరిపింది. కోడలు గిన్నె తోమడం ఆపేసి, నోటివైపు కాకుండా చేతులవైపు చూడసాగింది.

"మెత్తబడ్డాక క్యారెట్టు వేశాను, చిక్కుడు గింజలు వేశాను. ఆకుకూర చివర్న. ఉప్పు. గరిటె కాడతో ఒక్కసారి తిప్పి..."

గాలిలో ఆవిడ కుడిచెయ్యి గరిటె తిప్పింది. ఎడమచెయ్యి తనంతట తాను పక్కకు వెళ్ళింది. గోడ అరవైపు. వేళ్ళు ఏదో మూత ఎత్తాయి, చెంచా ముంచాయి, వచ్చి కుండ మీద వంగాయి.

"దించేశాను," అంది ఆవిడ.

"ఆగండి."

"ఏంటి?"

"దించేముందు మీ చెయ్యి అరలోకి వెళ్ళింది. ఏం తీశారు?"

"ఏం తీశాను? ఏమీ తియ్యలేదే."

"తీశారు. చెంచాతో వేశారు."

గింజలమ్మ తన ఎడమచేతిని చూసుకుంది. అది ఇంకా గాలిలోనే ఉంది.

"ఓ, అదా! పులుపు."

"ఏం పులుపు?"

"జాడీలో పులుపు. అది వంటలో లెక్కా? నీళ్ళు పోశానని చెప్తామా ఎవరికైనా? కుండ దించేముందు ఒక చెంచా..."

గాలిలో ఉన్న చెయ్యి కిందికి దిగింది.

కోడలు అరలోంచి జాడీని దించి నేలమీద పెట్టింది. పాత పింగాణీ జాడీ. అంచు దగ్గర పెచ్చు లేచింది. గింజలమ్మ ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ళ అత్తగారు చేతిలో పెట్టి, ఈ జాడీలోంచి చెంచా పడకుండా ఏ కుండా దించొద్దని చెప్పింది. వాడిన మేరకు మళ్ళీ కలిపి పోసి పులియనిస్తూ ఉండాలి. ఆవిడ పోస్తూనే ఉంది. జాడీ ఒక్కనాడూ అడుగంటలేదు.

"ఇది దేంతో కలుపుతారత్తయ్యా?"

గింజలమ్మ చూపు జాడీ అంచున లేచిన పెచ్చు మీదే ఉంది.

"మిమ్మల్నే. ఇందులో ఏముంది?"

"నీళ్ళు."

"నీళ్ళూ?"

"పిండి."

"ఏం పిండి?"

బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"గోధుమపిండి," అంది.

కోడలు అరుస్తుందని, జాడీ ఎత్తి గోడకు కొడుతుందని, జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుందని గింజలమ్మ ఎదురుచూసింది. అందులో ఏది చేసినా ఆ క్షణంలో ఆవిడకు ఊరటగానే ఉండేది. కోడలు ఏమీ చెయ్యలేదు. తడి నేలమీద అలాగే కూలబడింది. పీచు చేతిలోనే ఉంది.

"రోజూనా?" అంది.

"రోజూ."

"డాక్టరు గోధుమ వద్దన్న రోజు కూడా?"

"ఆ రోజు... ఆ రోజు నీరసంగా ఉందని రెండు చెంచాలు వేశాను."

అబద్ధం ఆడొచ్చు కదా అని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. ఆవిడకు తోచలేదు. గంజిలో ఏం వేశావని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆవిడకు అలవాటు. ఇన్నాళ్ళూ చెప్పనిది ఈ ఒక్కటే. అది దాచింది కాదు, గుర్తు రానిది. మనవరాలు చిక్కుతున్నకొద్దీ గంజి చిక్కబరిచింది. పిల్ల కళ్ళు లోపలికి పోతున్నకొద్దీ ఇంకొంచెం, ఇంకొంచెం అని బతిమాలి తినిపించింది. ప్రేమ ఎంత ఉందో అంతా ఆ గిన్నెలో పోసి పెట్టింది.

"అమ్మాయ్, నన్నేదో ఒకటి అనవే."

"ఏమనమంటారు?"

"ఏదైనా."

"తెలిసి చేసి ఉంటే అనేదాన్ని." కోడలు పీచును నీళ్ళలో పడేసింది. "మీ అబ్బాయికి మాత్రం మీరే చెప్పండి. నేను చెబితే నమ్మడు."

డ్రైవరు మధ్యాహ్నం బండి దిగి భోజనానికి వచ్చాడు. అప్పటికే అచ్చాఫీసు వాళ్ళు ఖాళీ గిన్నెలతో వచ్చి, "గింజలమ్మా, అలిగావా మా మీద?" అని నవ్వి, ఆవిడ ముఖం చూసి నవ్వు ఆపి వెళ్ళిపోయారు.

గింజలమ్మ కొడుకుకు కూర్చోమని కూడా చెప్పలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, జాడీ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

అతను నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు.

"నీ కోడల్ని వెనకేసుకు రావడానికి తప్పు నీ మీదేసుకుంటున్నావా అమ్మా?"

"కాదురా."

"ఒక చెంచా పులుపా? నేను పుట్టినప్పటి నుంచి దాంతోనే పెరిగాను. నాకేమైంది?"

"నీకు పడింది. పిచ్చుకకి పడదు. డాక్టరు చెప్పాడుగా, పిసరంత కూడా వద్దని."

"పిసరంత అంటే..."

అతను జాడీ వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. రాత్రి తానన్న మాటలన్నీ ఒక్కసారిగా ఎదురొచ్చినట్టున్నాయి. తప్పయిందని ఒక్క మాట ఆమెతో అంటే సరిపోయేది. మగవాళ్ళకు ఆ ఒక్క మాట గొంతులో ఎందుకు అడ్డం పడుతుందో ఎవరికీ తెలియదు. అతను తల్లి వైపు తిరిగాడు.

"కొన్నాళ్ళు అక్క దగ్గరికి వెళ్ళమ్మా. సాయంత్రం బండికి నేనే ఎక్కిస్తాను."

"ఏమండీ, ఇప్పుడు అదెందుకు..." అంది కోడలు.

"పిల్ల తేరుకునేదాకా. అంతే."

"తేరుకుంటే రానిస్తావా?" అని అడిగింది గింజలమ్మ.

అతను అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు. ఊడిపోయిన బూటు తాడు మీద కాలేసి తూలి, తమాయించుకున్నాడు. తల్లి చూసింది గానీ చెప్పలేదు.

కోడలు పొరుగింటి నుంచి కొత్త కుండ తెచ్చింది. కొట్టునుంచి విడిగా కొన్న దంపుడు బియ్యం, పెసలు వేసి మెత్తగా ఉడికించింది. మూత ఓరగా పెట్టలేదు, పొంగి పొయ్యంతా పారింది. ఉప్పు ముందే వేసేసింది. పీట మీద నుంచి చూస్తున్న గింజలమ్మ నాలుక చివరిదాకా వచ్చిన మాటలన్నిటినీ మింగేసింది. ఇకముందు ఆ వంటగదిలో ఆవిడ మాటకు విలువ లేదు. ఉండకూడదు కూడా.

గిన్నె తెర వెనక్కి వెళ్ళింది. బతిమాలే గొంతు వినిపించింది. తర్వాత చెంచా చప్పుడు. ఆ చప్పుడు ఆగలేదు, ఆగకుండా సాగింది. గింజలమ్మ సంచిలో చీరలు సర్దుకుంటూ, ప్రతి చెంచాకూ లోలోపల దణ్ణం పెట్టుకుంది.

కాసేపటికి పిచ్చుక తెర తొలగించుకుని బయటికి వచ్చింది. గోడ పట్టుకుని నడిచి వచ్చి, నానమ్మ పక్కన సంచిని ఆనుకుని కూర్చుంది.

"ఎక్కడికి నానమ్మా?"

"అత్త దగ్గరికి."

"నా వల్లేనా?"

"నీ వల్ల కాదు తల్లీ. నా వల్ల. నీకు జబ్బు చేసింది నా గంజే." ఆవిడ పిల్ల జుట్టు వెనక్కి సర్దింది. "నాకు తెలియదురా బంగారం. తెలిస్తే పెడతానా?"

పిల్ల ఆశ్చర్యపోతుందనుకుంది. పిల్ల ఆశ్చర్యపోలేదు. పెద్దవాళ్ళకు ఇప్పుడు తెలిసిందా అన్నట్టు తల ఊపింది.

"నీ గంజి తిన్నాక కడుపులో నొప్పి వచ్చేది," అంది మెల్లగా.

"వచ్చేదా? మరి చెప్పలేదే!"

"నేను గిన్నె ఖాళీ చేస్తే నువ్వు సంతోషపడతావు కదా. చెబితే బాధపడతావని."

గింజలమ్మ పిల్ల తలను గుండెకు అదుముకుంది. ఏడుపు వస్తే ఆపే ఓపిక ఇక ఆవిడకు లేదు, ఏడ్చేసింది. ఒక చెంచా తప్పు ఒకటే అనుకుంది పొద్దున్నుంచి. ఇంత చిన్న పిల్ల తన కోసం ఇన్నాళ్ళు నొప్పి మింగుతూ కూర్చుందని ఎవరు అనుకుంటారు?

"ఇంకెప్పుడూ దాచకు. ఇకమీదట రాదులే. ఇకమీదట అమ్మ వండింది తింటావు, నొప్పి రాదు."

పిల్ల ఆవిడ కొంగుతో ఆడుకుంటూ కొంచెంసేపు ఆలోచించి, నోరు చెవి దగ్గర పెట్టింది.

"ఇప్పుడు కూడా వస్తోంది నానమ్మా. అమ్మ పెట్టింది తిన్నాక కూడా. అదే నొప్పి." చిన్న చెయ్యి ఆవిడ నోటిని మూసింది. "అమ్మకి చెప్పకు. ఏడుస్తుంది."

గింజలమ్మకు ఏమీ అర్థం కాలేదు. అరిగిన పేగు మానడానికి రోజులు పడతాయా, ఇంకేదైనా ఉందా, ఈ ఇంట్లో ఇంకెక్కడైనా పిండి అంటుకుని ఉందా? వెంటనే చెప్పాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కానీ ఎవరు చెప్పాలి? ఎవరు నమ్మాలి? నిన్నటిదాకా పిల్లకు గోధుమ పోసిన మనిషి, ఇవాళ సంచి సర్దుకుంటూ, నీ వంట తిన్నా పిల్లకు నొప్పేనని కోడలితో అంటే?

"అత్తయ్యా!"

కోడలు తెర పక్కన నిలబడి ఉంది. గిన్నెను బోర్లించి చూపిస్తోంది.

"మొత్తం తినేసిందత్తయ్యా! ఒక్క మెతుకు వదల్లేదు, చూడండి!"

ఆమె నవ్వుతోంది. ఆమె నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో గింజలమ్మకు గుర్తు లేదు. పిచ్చుక కూడా వాళ్ళమ్మ వైపు తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

"ఇంకొంచెం పెట్టనా తల్లీ?" అంది కోడలు.

"పెట్టమ్మా," అంది పిల్ల.